చెవిలో మిగిలిపోయిన హోరు

ఈమధ్య ఒక తల్లి తన కొడుకుని వెంటబెట్టుకుని మా ఆసుపత్రి ఓ.పి.కి వచ్చింది. అబ్బాయికి ఇరవై ఏళ్లు, ఇంజనీరింగు చదువుతున్నాడు. "డాక్టరు గారూ, నాలుగు రోజులుగా వీడికి నిద్ర లేదు. పిలిస్తే పలకడు. ఏమిట్రా అంటే ఏమీ లేదంటాడు" అన్నదావిడ. అబ్బాయి కాసేపు నసిగి, "చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్టుంది సార్. ఆగడం లేదు" అన్నాడు.

జరిగినదేమిటంటే, స్నేహితులతో కలిసి బెంగళూరు వెళ్లి, దేశాలు తిరిగే ఒక పేరున్న రాక్ బృందం కచేరీ చూసివచ్చాడు. ముందు వరుసలో చోటు దొరికిందన్న సంబరంలో స్పీకర్ల ఎదురుగా మూడు గంటలు నిలబడ్డాడు. బయటికి వచ్చేసరికి స్నేహితుల మాటలు దుప్పటి చాటునుంచి వస్తున్నట్టు వినిపించాయట. ఇంటికి వచ్చాక తల్లి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. మన ఇళ్లలో చెవికి ఏం వచ్చినా మొదటి వైద్యం అదే కదా!

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. దెబ్బ తగిలింది నూనె చేరే చోట కాదు. కర్ణభేరికి అవతల, లోచెవిలో, నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే అవయవం ఉంది. అందులో సుమారు 15 వేల సూక్ష్మ కణాలున్నాయి. వాటి మీద సన్నని నూగు ఉంటుంది. శబ్దం వచ్చినప్పుడు, గాలికి వరిపైరు ఊగినట్టు ఆ నూగు ఊగుతుంది. ఆ కదలికే నాడి ద్వారా మెదడుకు చేరి మాటగా, పాటగా వినిపిస్తుంది. మితిమీరిన శబ్దం గాలివానలాంటిది. కొంత పైరు వాలి మళ్లీ లేస్తుంది. కొంత లేవదు. చనిపోయిన కణం మనిషిలో తిరిగి మొలవదు.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క కట్టారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. అలా 100కు వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. రాక్ కచేరీలో 100 డెసిబెల్స్ వింత కాదు. మన అబ్బాయి నిలబడింది మూడు గంటలు!

ఈ బాధ వినేవారికే కాదు, వాయించేవారికీ తప్పలేదు. 1976లో లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో 'ది హూ' అనే బృందం ఇచ్చిన కచేరీ, 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్‌తో గిన్నిస్ పుస్తకానికెక్కింది. చెవులకు చేటని తరువాత ఆ పుస్తకంవారు ఈ పోటీనే మానుకున్నారు. ఆ బృందంలో గిటారు వాయించే పీట్ టౌన్షెండ్ తన వినికిడి దెబ్బతిన్నదని తానే చెప్పుకున్నాడు. 'కోల్డ్‌ప్లే' గాయకుడు క్రిస్ మార్టిన్ కూడా చెవిలో హోరుతో బాధపడుతున్నట్టు చెప్పి, చెవులు కాపాడుకోమని యువతను కోరాడు.

కచేరీలకు వెళ్లవద్దని నేననను. వేలమందితో కలిసి గొంతెత్తి పాడే ఆనందం వయసులో ఉన్నవారికి కావలసిందే. అయితే ఈ జాగ్రత్తలు పాటించండి.

మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు కొనుక్కోండి. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమిపట్టండి. సరిగా అమరితే 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గుతాయి. పాట వినిపిస్తూనే ఉంటుంది. దూది అందుకు ఏమాత్రం చాలదు.

స్పీకర్లకు వీలైనంత దూరంగా ఉండండి. గంటకోసారి పది నిమిషాలు బయటి నిశ్శబ్దంలోకి రండి. పసిపిల్లల్ని తీసుకుపోకండి. కాస్త పెద్ద పిల్లలయితే చెవులను పూర్తిగా కప్పే మఫ్‌లు పెట్టండి. ఊరేగింపుల్లోనూ, పెళ్లిళ్లలోనూ మోగే డి.జె. పెట్టెలకూ ఇదే సూత్రం.

ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజులు చెవులకు విశ్రాంతినివ్వండి. ఇయర్‌ఫోన్లు ముట్టకండి. హోరు ఒక రోజు దాటినా తగ్గకపోతే చెవి వైద్యునికి చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి. అలాంటి సందర్భాల్లో కొందరికి స్టెరాయిడ్ మందులు పనిచేస్తాయి గాని, ఆలస్యమైనకొద్దీ ఫలితం సన్నగిల్లుతుంది. నూనెలు, పసర్లు పోయవద్దు.

ఆ అబ్బాయిని మా చెవి, ముక్కు, గొంతు విభాగానికి పంపాను. పరీక్షలో 4000 హెర్ట్జ్ దగ్గర రెండు చెవుల్లోనూ వినికిడి పడిపోయినట్టు తేలింది. అతి శబ్దం దెబ్బ సాధారణంగా ముందు కనబడేది అక్కడే. నెల తిరిగేసరికి కుడిచెవి తేరుకుంది. ఎడమచెవిలో హోరు కొంచెం మిగిలింది. "పగలు తెలియదు సార్. రాత్రి అందరూ పడుకున్నాక మొదలవుతుంది. ఎప్పటికి పోతుంది?" అని అడిగాడు. "మనసు దానికి అలవాటు పడుతుంది బాబూ, క్రమంగా పట్టించుకోవు" అన్నాను. పోతుందని మాత్రం అనలేకపోయాను.

వెళ్లబోతూ ఇంకో మాట చెప్పాడు. వాళ్ల జట్టులో ఒకమ్మాయి చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని వచ్చిందట. "పాట వినడానికి వచ్చి చెవులు మూసుకుంటావేమిటి?" అని అందరూ ఎగతాళి చేశారట. మర్నాడు ఏ బాధా లేనిది ఆ అమ్మాయి ఒక్కతేనట!