చెరువు తవ్వితే చాలదు, ఊరికి అప్పగించాలి

కేంద్ర జలశక్తి శాఖ 2023లో దేశపు తొలి జలవనరుల గణనను వెలువరించింది. చెరువులు, కుంటలు, ఇతర నీటి వనరులు మొత్తం 24,24,540, వాటిలో 97.1 శాతం పల్లెల్లోనే. ఆక్రమణకు గురైనవి 1.6 శాతమేనట! ఆనవాలైనా మిగలకుండా ప్లాట్లుగా మారిన చెరువు ఏ లెక్కలో కనిపిస్తుంది? వనరుల్లో 16.3 శాతం నిరుపయోగంగా ఉన్నాయని ఆ నివేదికే ఒప్పుకుంది. ఎండిపోవడం, పూడిక, నిర్మాణాలు అందుకు చూపిన కారణాల్లో కొన్ని. పూడిక తీయకపోవడం, కట్టడాలను అడ్డుకోకపోవడం ప్రకృతి వైపరీత్యాలు కావు, పాలనా వైఫల్యాలు.

2024 నాటికి పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇస్తామని 2019లో జల్ జీవన్ మిషన్ హామీ ఇచ్చింది. గడువు 2028కి జరిగింది. గొట్టం నీటిని మోయగలదే గానీ పుట్టించలేదు. చెరువు నిండని ఊళ్ళో బోరుకు ఊట తగ్గుతుంది. బోరు ఎండితే కుళాయి గోడకు అలంకారమే.

2022లో అమృత్ సరోవర్ వచ్చింది. జిల్లాకు 75 చెరువులు, ఒక్కొక్కటి కనీసం ఎకరం. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ చెరువంటే గొయ్యి కాదు. వాననీటిని తెచ్చే వాగు, ఆపే కట్ట, వదిలే తూము, పొర్లించే అలుగు కలిస్తేనే చెరువు. వాగును కబ్జాకు వదిలేసి గొయ్యి తవ్వితే మిగిలేది శిలాఫలకమే.

రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లా వేరే దారి చూపింది. 1985లో గోపాల్‌పురాలో తరుణ్ భారత్ సంఘ్ తోడ్పాటుతో గ్రామస్థులు పాత జోహడ్‌ల పునరుద్ధరణకు పూనుకున్నారు. ఆ పని ఊరూరా పాకింది. ఎండిన అర్వరీ నది మళ్ళీ పారింది. నదిలో చేపలు కనబడగానే ప్రభుత్వం వేటకు కాంట్రాక్టు ఇచ్చింది! గ్రామాలు ఎదిరించి, నది నిర్వహణకు తమ సొంత 'అర్వరీ సంసద్'ను ఏర్పరచుకున్నాయి. నీరు లేనప్పుడు కనబడని సర్కారు, నీరు రాగానే హక్కుదారుగా ప్రత్యక్షమైంది. అసలు వివాదం ఇక్కడే ఉంది.

చట్టం లేదని సాకు చెప్పే వీలు లేదు. గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించి గ్రామానికి అప్పగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ కేసు మొదలైంది పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు దగ్గరే. ఆక్రమణదారు, ఓటు బ్యాంకు, కాంట్రాక్టరు ఒకే గూటి పక్షులైన చోట ఆ తీర్పును అమలు చేసేదెవరు?

చెరువు హద్దులూ వాగు హద్దులూ సర్వే చేసి గ్రామసభ ముందుంచాలి. నిర్వహణ నిధులు, నీటి పంపకం అధికారం దానికే అప్పగించాలి. ఇవి ఇవ్వని ప్రభుత్వం ఎన్ని చెరువులు తవ్వినా, వాటిలో నిండేది నీరు కాదు, బిల్లులే.