బస్తర్ బడికి భరోసా ఏదీ?

బస్తర్ అడవుల్లో చదువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాలకులు భవనాల లెక్క చెబుతారు. ఎన్ని బడులు కట్టారో, మూతపడినవాటిలో ఎన్నింటిని తిరిగి తెరిచారో అంకెలతో సహా ఏకరువు పెడతారు. ఆ బడిలో నిలబడి పాఠం చెప్పవలసిన మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. దంతెవాడ ఆదివాసీ ఉపాధ్యాయురాలు సోని సోరి ఉదంతమే అందుకు సాక్ష్యం.

వినోబా భావే శిష్యుడు ధర్మపాల్ సైనీ 1976లో జగ్దల్‌పూర్ సమీపాన డిమ్రాపాల్‌లో ఆదివాసీ బాలికల కోసం మాతా రుక్మిణి ఆశ్రమాన్ని నెలకొల్పారు. ఆడపిల్లను బడికి పంపడమంటే విడ్డూరంగా చూసిన రోజులవి. ఆ సేవకు 1992లో పద్మశ్రీ లభించింది. సోరి చదువుకున్నది ఆ ఆశ్రమంలోనే. అలా చదువుకున్న యువతి సొంత జిల్లాలోనే, జబేలిలోని ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో గిరిజన బాలబాలికల ఆలనాపాలనా చూస్తూ చదువు చెప్పారు. ప్రభుత్వం కోరుకోవలసినది ఇంతకన్నా ఏముంటుంది?

కానీ అప్పటికే బస్తర్ రణరంగమైపోయింది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. బలగాలు బస చేస్తాయన్న సాకుతో మావోయిస్టులు బడులను కూల్చారు. మిగిలిన భవనాల్లో బలగాలు నిజంగానే మకాం వేశాయి. బడులను ఖాళీ చేయండని చివరకు సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది. 2011 జులైలో ఆ న్యాయస్థానం సల్వాజుడుంను రాజ్యాంగవిరుద్ధమని తేల్చింది.

అదే ఏడాది జూన్‌లో పోలీసు ఇన్‌ఫార్మర్ అనే నెపంతో సోరి తండ్రిని మావోయిస్టులు కాలిపై కాల్చారు. అక్టోబరులో మావోయిస్టులకు సొమ్ము చేరవేతలో పాలుపంచుకున్నారంటూ పోలీసులు ఆమెను ఢిల్లీలో అరెస్టు చేశారు. తండ్రి ఒక పక్షానికి ద్రోహి, కూతురు మరో పక్షానికి ద్రోహి! కస్టడీలో తనను చిత్రహింసలు పెట్టారని ఆమె ఫిర్యాదు చేశారు. సుప్రీంకోర్టు ఆదేశంపై కోల్‌కతా ప్రభుత్వాసుపత్రి వైద్యులు పరీక్షించి, శరీరంలో రాళ్లున్నట్లు నివేదించారు. పోలీసులు ఆరోపణలను తోసిపుచ్చారు. 2014లో ఆమెకు బెయిలు వచ్చింది. 2016లో ఆమె ముఖంపై దుండగులు రసాయనం పూశారు. సొమ్ము చేరవేత కేసులో దంతెవాడ న్యాయస్థానం ఆమెను నిర్దోషిగా ప్రకటించేసరికి 2022 మార్చి వచ్చింది.

మావోయిస్టుల వసూళ్లపై దర్యాప్తు జరపడం పోలీసుల విధి, కాదనలేము. కానీ నిర్దోషిత్వం తేలడానికి పదేళ్లకు పైగా పడితే, ఆ వ్యవధిలో ఒక తరం పిల్లలు బడి ఈడు దాటిపోతారు. ఆ నష్టాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు సోరి వంటివారికి ప్రత్యామ్నాయం కాలేడు. గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లవాడికి తొలిరోజే హిందీలో పాఠం మొదలుపెడితే వాడికి అర్థమయ్యేది శూన్యం. తెలుగుకు భాషాశాస్త్రరీత్యా దగ్గరి చుట్టమైన గోండిని 2011 జనగణన నాటికే సుమారు 29 లక్షల మంది మాతృభాషగా పేర్కొన్నారు. అయినా దానికి ఎనిమిదో షెడ్యూలులో చోటు దక్కలేదు. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నా, 'వీలైనంతవరకు' అన్న మాట అధికారులకు చక్కని తప్పుకుదారిగా మారింది.

2022 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ప్రాంతంలో మూతపడిన 260 బడులను తిరిగి తెరిచింది. పలుచోట్ల బోధన భారం 'శిక్షాదూత్'లనే స్థానిక యువతీయువకులపై పడింది. గౌరవవేతనంతో, ఉద్యోగ భద్రత లేకుండా పనిచేసే ఈ అభాగ్యుల్లో కొందరిని 2025లో సైతం ఇన్‌ఫార్మర్లన్న ముద్రవేసి మావోయిస్టులు పొట్టనపెట్టుకున్నారు. అక్షరం నేర్పిన చేతిని నరికి ఆదివాసీ రాజ్యం తెస్తామనడం కంటే ఘోరమైన వంచన లేదు. వెదురు గోడల పోర్టా క్యాబిన్ వసతి బడుల భద్రత ఏపాటిదో 2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలో మంటలకు ఒక చిన్నారి బలైనప్పుడే బయటపడింది.

2025 మేలో నంబాళ్ల కేశవరావు, నవంబరులో హిడ్మా ఎదురుకాల్పుల్లో మరణించడంతో మావోయిస్టు ఉద్యమం చతికిలబడింది. బడులు నడపకపోవడానికి ఇన్నాళ్లూ చూపిన సాకు కూడా దానితోపాటే పోవాలి. స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చి శాశ్వత ఉద్యోగాల్లోకి తీసుకోవాలి. ప్రాణాలు కోల్పోయిన శిక్షాదూత్‌ల కుటుంబాలకు ప్రభుత్వోద్యోగులతో సమానంగా పరిహారం, పింఛను దక్కాలి. గోండి వాచకాలు ముద్రణాలయం నుంచి తరగతి గదికి చేరాలి.

ఈ బాధ్యత రాయపూర్‌కే పరిమితం కాదు. సల్వాజుడుం కాలంలో సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లో తలదాచుకున్న గొత్తికోయల పిల్లలు కులధ్రువపత్రాలు లేక అవస్థలు పడ్డారు. వారి గూడేల్లో గోండి తెలిసిన ఉపాధ్యాయురాళ్లు ఎందరున్నారో తెలుగు ప్రభుత్వాలు ముందుగా లెక్కతీయాలి.