మధుమేహము – పాదరక్షణము

మధుమేహము గల వారి పాదమున పుండు లేచి వ్రేలు నల్లబడినచో, ఇక కాలు తీసివేయవలసినదే యని అనేక గృహములలో నేటికిని తలచుచున్నారు. అన్నివేళల నది నిజము కాదు.

ఈ వ్యాధిచే పాదమునందలి నరములు మొద్దువారును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కరచినను నొప్పి తెలియదు. ఇంటిల్లిపాది గాయములను కనిపెట్టు ఇల్లాలే తన పాదమునకు పసుపద్ది పనిలో మునిగిపోవును! అంతలో పుండు లోతునకు దిగును. మానుటకు రక్తము కావలెను. ఆ రక్తము వచ్చు త్రోవయే పూడిపోయియుండవచ్చును.

మధుమేహమున పాదమందలి సూక్ష్మనాళములే మూసికొనిపోవును గనుక చేయదగినదేమియు లేదని వైద్యులు సైతము చిరకాలము నమ్మిరి. ఆ నమ్మకము సరికాదని అమెరికాలో లోజెర్ఫో, కాఫ్మన్ అను వైద్యులు 1984లో వ్రాసిరి. తరచుగా పూడునవి మోకాటి దిగువ ధమనులు. పాదమునందలి ధమని పలుమారు తెరచియే యుండును. పూడిన కాలువకు ప్రక్కగా పిల్లకాలువ త్రవ్వి చేనికి నీరు పారించినట్లు, పూడికకు పైనుండి పాదమువరకు క్రొత్త మార్గము కల్పింపవచ్చును. ఇదియే బైపాస్.

అందులకు రోగి కాలి సిరయే ఉత్తమ సాధనము. 1948లో పారిసునగరమున కున్లిన్ అను శస్త్రవైద్యుడు తొడలోని పూడిక నిట్లు దాటించెను. సిరలలోని కవాటములు రక్తమును గుండెవైపునకే పోనిచ్చును. కావున సిరను తలక్రిందులు చేసి కుట్టెను. సిర తీసిన కాలు చెడదా యని భయపడనక్కరలేదు. లోతున నున్న సిరలు ఆ పని నెరవేర్చును.

సన్నని గొట్టము పంపి బుడగతో పూడికను విప్పు పద్ధతియు గలదు. ఏది మేలను విషయమున పరిశోధనలే ఏకీభవింపలేదు. మంచి సిర యున్నవారికి బైపాసే మేలని 2022లో బెస్ట్-సి.ఎల్.ఐ. అను పరిశోధన తేల్చగా, మోకాటి దిగువ పూడికలకు మొదట బుడగయే మేలని 2023లో బేసిల్-2 తేల్చినది. రోగి బలమును, సిర మంచిచెడ్డలను చూచి నిర్ణయింపవలసినది.

కుళ్ళు ప్రాకి ప్రాణము మీదికి వచ్చినపుడు కాలు తీయక తప్పదు. అంతటి త్వర లేనపుడు మాత్రము, సమ్మతిపత్రముపై చేవ్రాలు చేయకముందే, పాదమునకు రక్తప్రసారమును పరీక్షించిరా యని అడుగుడు. చీలమండ యొద్ద పీడనము బాగున్నదనిన చాలదు. ధమనులు గట్టిపడినవారిలో ఆ లెక్క హెచ్చుగా చూపును. బొటనవ్రేలి పీడనమును కూడ కొలిపింపుడు.

ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు అవ్వలకు ఇంకొక మాట. చుట్ట మాననిచో కుట్టిన సిరయు పూడును.