ఫార్మాటు వైద్యం

"నెమ్మదించిందా? ఫార్మాటు కొట్టించెయ్యండి." ల్యాప్‌టాప్ గురించి మనవాళ్ళలో ఎవరిని సలహా అడిగినా ముందుగా వినిపించే మాట ఇదే. మరమ్మతు కొట్టులోని కుర్రవాడూ ఇదే అంటాడు, బెంగుళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడూ ఫోనులో ఇదే అంటాడు. ఆ యంత్రం ఎందుకు నెమ్మదించిందో ఇద్దరిలో ఏ ఒక్కరూ చూసి ఉండరు. నాడి పట్టని వైద్యుడు వచ్చిన రోగులందరికీ ఒకే కషాయం పోసినట్టు, ఏళ్ళ తరబడి ఈ ఒక్క మందుతోనే కాలక్షేపం చేస్తున్నారు. కొంచెం నాగరికంగా మాట్లాడేవారు దీన్నే "ఫ్యాక్టరీ సెట్టింగులకు తీసుకువెళ్ళడం" అంటారు. పేరులో మర్యాద పెరిగిందే గాని చేసే పని అదే. ఉన్నదంతా తుడిచిపెట్టి, కొన్ననాటి స్థితికి తెచ్చి చేతిలో పెట్టడం.

ఈ సలహా చాలా సందర్భాల్లో అనవసరమనీ, తెలుగులో రాసుకునే మనబోటివారికి ప్రమాదకరం కూడాననీ నా అభిప్రాయం. కంప్యూటరు విద్య చదివిన మిత్రులు నన్ను విసుక్కున్నా సరే, చెప్పదలచుకున్నది చెప్పేస్తాను.

ముందు ఆ "ఫ్యాక్టరీ స్థితి" సంగతి చూద్దాం. ఆ మాట వినగానే ఏ మచ్చా లేని పసిపాప వంటి యంత్రం కళ్ళముందు మెదులుతుంది. నిజానికి కంపెనీవారు ల్యాప్‌టాపు అమ్మేటప్పుడు అందులో నెలా రెండు నెలలు పనిచేసి ఆపైన డబ్బు కట్టమని పీడించే యాంటీవైరసు, ఎవరూ అడగని ఆటలు, వారి సొంత పనిముట్లు నాలుగైదు కుక్కి మరీ పంపుతారు. అదే డిస్కులో ఒక మూల చిన్న భాగం కేటాయించి, ఆ సామగ్రి మొత్తానికీ ఒక ప్రతి దాచిపెడతారు. పాత యంత్రాల్లో ఫ్యాక్టరీ స్థితికి వెళ్ళడమంటే ఆ ప్రతిని తీసి మళ్ళీ పరచడమే. 2014 చివరి నెలల్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాపుల్లో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్టువేరును కంపెనీయే పెట్టి పంపింది. భద్రమైన వెబ్‌సైట్లకు సైతం తన సొంత ధ్రువపత్రం తగిలించి, మధ్యలో దూరి, మనం చూసే పేజీల్లో అది ప్రకటనలు చొప్పించేది. 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడి గగ్గోలు పుట్టాక దాన్ని తీసివేసే పనిముట్టును లెనోవో విడుదల చేసింది. 2017లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకుంది. అటువంటి యంత్రాన్ని మొదటి ప్రతితో "శుద్ధి" చేస్తే ఏమవుతుంది? కష్టపడి వదిలించుకున్న దయ్యం మళ్ళీ వచ్చి నట్టింట్లో కూర్చుంటుంది.

కాలం సంగతి ఇంకొకటి ఉంది. 2011లో కొన్న ల్యాప్‌టాపును దాని పుట్టింటికి పంపితే అది విండోస్ 7తో తిరిగి వస్తుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్టు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోము బ్రౌజరు కూడా 2023 ఆరంభంలో విండోస్ 7, 8.1లను వదిలేసింది. మధ్యలో ఎంతో ఓపికగా విండోస్ 10 ఎక్కించుకున్నవారు సైతం ఒక్క మీట నొక్కుడుతో పన్నెండు, పదమూడేళ్ళు వెనక్కి పోతారు. (ఆ విండోస్ 10కూ 2025 అక్టోబరు 14తో నూకలు చెల్లాయి. అది వేరే ఏడుపు.)

ఇక నెమ్మదించడం. దీనికి కారణాలు ఉంటాయి, వాటిని కనిపెట్టవచ్చు కూడా. ఒకప్పటి ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండే హార్డ్‌డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కొక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. సూది సరైన వరుసకు జరగడానికి ఇంకొంత సమయం కావాలి. ఈ లెక్కన చెల్లాచెదరుగా పడి ఉన్న ముక్కలను ఏరుకు రమ్మంటే అది సెకనుకు వంద కూడా తేలేదు. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డి అదే సెకనులో వేలకు వేలు తెచ్చి పోస్తుంది. విండోస్ 10 వచ్చిన తరువాత తెర వెనక నిరంతరం ఏదో ఒకటి చదువుతూ రాస్తూ ఉండడంతో ఈ పాత డిస్కులకు ఊపిరాడలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరిస్తే డిస్కు గడిలో 100 శాతం అని ఎర్రగా కనబడేది ఇందుకే. దీన్ని ఫార్మాటు చేసినందువల్ల 5400 చుట్లు 5401 కావు.

అది కాకపోతే ర్యాము చాలకపోవడం. 4 జీబీతో కొన్న యంత్రంలో ఇప్పటి బ్రౌజరులో పది గడులు తెరిస్తే మిగిలేదేమీ ఉండదు. అదీ కాకపోతే వేడి. ప్రాసెసరు మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నాలుగేళ్ళ దుమ్ము పంఖాలో పేరుకుని, మే నెలలో పరుపు మీద పెట్టుకుని పనిచేస్తూ, "ఈ మధ్య బాగా నెమ్మదించిందండీ" అంటే అది ఎవరి తప్పు? రామగుండం ఎండల్లో మనిషే నెమ్మదిస్తాడు. అక్కడ కావలసింది ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక కుంచె.

మరి ఫార్మాటు కొట్టిస్తే బాగుపడినట్టు కనిపిస్తుంది కదా అంటారు. నిజమే, కనిపిస్తుంది. యంత్రం మొదలయ్యేటప్పుడు తామూ మొదలయ్యే ప్రోగ్రాములు పోతాయి, నిండిపోయిన డిస్కు ఖాళీ అవుతుంది. ఆ రెండు పనులూ మనమే అరగంటలో చేసుకోవచ్చు, ఒక్క ఉత్తరం కూడా పోగొట్టుకోకుండా. అసలు జబ్బు డిస్కుదో వేడిదో అయితే, మూడు నెలలకు మళ్ళీ అదే కొట్టు గుమ్మం ఎక్కుతాం. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్న సామెతలో కనీసం ఎలుకైనా చచ్చి ఉంటుందేమో, ఇక్కడ అది కూడా లేదు.

ఇప్పటిదాకా చెప్పినది ఎవరికైనా వర్తిస్తుంది. తెలుగువారి ప్రత్యేక కష్టం వేరే ఉంది. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు ఆ యంత్రానికి మన తెలుగు రాదు, మనమే నేర్పించుకున్నాం. ఎక్స్‌పీ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. వత్తులు విడిపోయి, గుణింతాలు ఎటో పోయి కనిపించే తెలుగును దారికి తేవడానికి కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకు ఎదురుగా టిక్కు పెట్టి, అది అడిగిన ఎక్స్‌పీ సీడీ కోసం పక్కింటి తలుపు తట్టి, యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించి, గౌతమి ఖతిలో మొదటి వాక్యం సరిగ్గా కనబడితే పండగ చేసుకున్నాం. ఆ పైన పోతన, వేమన ఖతులు దించుకున్నాం. ఎవరి చేతికి అలవాటైన కీబోర్డు వారు పెట్టుకున్నాం. ఇప్పుడు విండోస్‌తో పాటే నిర్మల ఖతి వస్తున్నది, 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉన్నది, కాదనను. యూనికోడులో రాసినవాడికి ఆ మేరకు భయం తగ్గింది.

కాని తెలుగు రాత అంతా యూనికోడులో లేదు. డీటీపీ కొట్లలో, చిన్న పత్రికల్లో, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకున్న రచయితల దగ్గర దశాబ్దాల సరుకు అను ఖతుల్లో పేజ్‌మేకరు ఫైళ్ళుగా పడి ఉన్నది. ఆ ఖతి యంత్రంలో ఉన్నంతవరకే అది తెలుగు. ఖతి పోయిన మరుక్షణం అదే ఫైలు ఇంగ్లీషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలిసిన చెత్తకుప్పలా కనిపిస్తుంది.

ఇక్కడే విండోస్ వాడి తియ్యని మాట ఒకటి ఉంది. రీసెట్టు చేసేటప్పుడు "నా ఫైళ్ళను ఉంచు" అనే దారి చూపుతాడు. దాన్ని నొక్కినవారి ఫైళ్ళు ఉంటాయి, అబద్ధం కాదు. మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. తీసేసిన వాటి జాబితా ఒకటి డెస్కుటాపు మీద పెట్టి వెళ్తాడు కూడా. అందులో ఖతుల పేర్లు ఉండవు. మనం తెచ్చుకున్న ఖతులూ, కీబోర్డు అమరికలూ చెప్పకుండానే పోతాయి. ఫైలు ఉంటుంది, అందులో అక్షరం ఉండదు. ఆ మాట రాసినవాడికి ఫైలంటే ఇంగ్లీషు ఫైలే.

మా పెదనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి నలుగు పాటలు, అప్పగింతల పాటలు, దంపుళ్ళ పాటలు రెండు వందల పైచిలుకు రాసుకున్నారు. తరువాత డీటీపీ నేర్చుకుని అవన్నీ అనులో తామే కొట్టి, డి డ్రైవులో దాచారు. మన దేశంలో ఇదొక నమ్మకం. సి డ్రైవు విండోస్‌ది, డి డ్రైవు మనది, ఫార్మాటు చేసినా డికి ఏమీ కాదని. యంత్రం నెమ్మదిస్తే పట్నంలో ఒక కొట్టుకు తీసుకువెళ్ళారు. ఆ కొట్టువాడు విండోస్ సీడీ పెట్టి సి మాత్రమే తుడిచి ఉంటే ఆ నమ్మకం నిలిచేదేమో. వాడు సులువైన దారి చూసుకుని కంపెనీవారి ఫ్యాక్టరీ మీట నొక్కాడు. ఆ యంత్రంలో ఆ మీట డిస్కు మొత్తాన్నీ మొదటి రూపానికి తెస్తుంది. తిరిగి వచ్చినప్పుడు అందులో సి తప్ప డి అనేదే లేదు.

"డి డ్రైవుకేం కాదన్నాడురా. నేను రెండుసార్లు అడిగాను" అన్నారు పెదనాన్న.

నాకు తెలిసేసరికి మూడు నెలలు గడిచాయి, యంత్రం మళ్ళీ నెమ్మదించింది కూడా. తుడిచిన వెంటనే వాడకం ఆపేస్తే హార్డ్‌డిస్కు నుంచి చాలావరకు వెలికితీయవచ్చు, ఎందుకంటే చెరిగిపోయేది విషయసూచికే, పుటలు కావు. కాని మూడు నెలల వాడకంలో ఆ పుటల మీద వేరే రాతలు పడ్డాయి. రెండు రాత్రులు కూర్చుని వెతికితే పేర్లు లేని ఫైళ్ళు కొన్ని దొరికాయి గాని, పేజ్‌మేకరు వాటిని తెరవనన్నది. పోనీ యంత్రం జబ్బేమిటని డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క తీసి చూశాను. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ పోతున్నది. అంటే డిస్కు చచ్చిపోతున్నది, మొదటిరోజు నుంచీ కారణం అదే. ఎస్ఎస్‌డి వేశాక ఆ యంత్రం చక్కగా నడుస్తున్నది. పాటల్లో కాగితం మీద ముద్రించి ఉంచుకున్నవి నలభై దాకా మిగిలాయి. అవి పాడిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు లేరు.

బ్యాకప్పు పెట్టుకోవలసింది కదా అని మీరనవచ్చు. ఆ మాట చెప్పే హక్కు కొట్టువాడికి లేదని నా వాదన. డెబ్బై ఏళ్ళ మనిషి రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ భరోసా ఇచ్చాడు. ఫ్యాను మారిస్తే పాత ఫ్యాను చేతికిచ్చే మెకానిక్కులున్న దేశం మనది. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మనిషి జీవితకాలపు రాతను తుడిచి కూడా "బాగు చేశాం" అని రసీదు రాస్తారు. ఏమి బాగు చేశారో ఆ రసీదులో ఉండదు.

ఫార్మాటు ఎప్పుడూ వద్దని నేననను. యంత్రాన్ని అమ్ముతున్నా, ఎవరికైనా ఇచ్చేస్తున్నా తుడవాల్సిందే. మొండి వైరసు పట్టినప్పుడు, సిస్టమ్ ఫైళ్ళు చెడిపోయి మరమ్మతుకు లొంగనప్పుడు అదే సరైన మార్గం. అయితే ఎస్ఎస్‌డి ఉన్న కొత్త యంత్రాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. తుడిచిన చోటును ఎస్ఎస్‌డి తానే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి, నేను కూర్చున్నట్టు రెండు రాత్రులు కూర్చున్నా పేర్లు లేని ఫైళ్ళు కూడా దొరకవు.

తప్పనిసరై కొట్టుకు వెళ్ళవలసి వస్తే, నెమ్మదించడానికి కారణమేమిటో కాగితం మీద రాసి ఇస్తే తప్ప యంత్రం మీద చెయ్యి వెయ్యనివ్వకండి. డిస్కు ఆరోగ్యం చూశావా అని అడగండి. డి డ్రైవును నమ్మకండి, వేరే డిస్కులోకి ఎక్కించుకోండి, ఖతులున్న ఫోల్డరును కూడా కలిపి. అనులో ఉన్నవాటిని వీలైనంత త్వరగా యూనికోడులోకి మార్చుకోండి. పత్రికల సొంత ఖతులను మార్చి చూపిన మన పద్మ, 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు పాత తరహా పొడగింతలను వదిలేసినప్పుడు మూలపడింది. అను నుంచి మార్చే ఇతర పనిముట్లు ఉన్నాయి గాని వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, కూర్చుని సరిచూసుకోవాలి. పెదనాన్న కాగితాల మీద మిగిలిన ఆ నలభై పాటలనూ మా అక్కా నేనూ తలా ఇరవై పంచుకుని యూనికోడులో మళ్ళీ కొడుతున్నాం. పదకొండు అయ్యాయి.