ఆ పాప ఎవరి సాక్ష్యమూ కాదు

2023 క్రిస్మస్‌కి పేరాలలో మా చిన్నాన్న కూతురి ఇంటికి వెళ్ళాను. ఆ ఏడు వాళ్ళింట్లో పండగ సందడి మామూలుది కాదు. నవంబరు మూడోవారంలో ఒక శిశుగృహ నుంచి ఇరవై రెండు నెలల పాపని తెచ్చుకున్నారు. పెళ్ళయి పదమూడేళ్ళు. అందులో ఆరేళ్ళు ఆసుపత్రుల చుట్టూ, మూడేళ్ళకి పైగా దత్తత జాబితాలో పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తూ గడిచిపోయాయి. డాబా మీద వెదురుగడకి పెద్ద స్టారు కట్టారు. అరిసెలు, జంతికలు డబ్బాల నిండా వండారు. పాపకి మూడు జతల కొత్త గౌన్లు.

నేను గడప దాటుతుండగానే ఆ పాప నా కుచ్చెళ్ళు పట్టుకుని "అమ్మా" అంది. నన్ను ఒక్కదాన్నే కాదు. పాలు పోసే ఆవిడ్ని, పక్కింటి పిన్నిగారిని, రాత్రి క్యారల్స్ పాడుతూ వచ్చినవాళ్ళలో ఒక కాలేజీ అమ్మాయిని కూడా అమ్మా అనే పిలిచింది. ఎవరు చేతులు చాపితే వాళ్ళ చంకెక్కేది. కిందపడితే ఏడ్చేది కాదు. అర్ధరాత్రి మెలకువ వచ్చినా ఏడ్చేది కాదు, చీకట్లో కళ్ళు తెరుచుకుని అలాగే పడుకునేది. జంతిక ఇస్తే సగం తిని మిగతా సగం గుప్పిట్లో బిగించుకుని నిద్రపోయేది.

చూడ్డానికి వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట. "ఎంత కలివిడి పిల్ల! కొత్తా పాతా లేదు. ఏడుపన్నదే ఎరగదు. అదృష్టవంతురాలివే అమ్మాయ్."

చెల్లెలు వంటింట్లోకి వచ్చి నాతో అంది: "అక్కా, అందరూ మెచ్చుకుంటుంటే నాకు భయమేస్తోంది. ఇంతమంది దీనికి అమ్మలైతే నేనెవర్ని?"

చెల్లెలి భయంలో అర్థముంది. ఆయాలు పూటపూటకీ మారిపోయే చోట, ఒక్కో మనిషి అరడజను మంది పిల్లల్ని చూసుకోవలసిన చోట, పసిపిల్లలు తొందరగానే కొన్ని సంగతులు నేర్చేసుకుంటారు. ఏడ్చినా వెంటనే ఎవరూ రారని, వచ్చిన మనిషి రేపు ఉండకపోవచ్చని, అందుకని ఎవరు కనిపిస్తే వాళ్ళని పట్టుకోవాలని. మనం కలివిడితనం అని మురిసిపోయేది చాలాసార్లు ఎవరితోనూ బంధం కుదరకపోవడమే. 1989 తర్వాత రుమేనియా అనాథాశ్రమాల పరిస్థితి ప్రపంచానికి తెలిశాక, 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనం ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించింది. రెండేళ్ళలోపు కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు, ఆశ్రమంలోనే ఉండిపోయిన పిల్లలకంటే, ఆలస్యంగా వెళ్ళిన పిల్లలకంటే బాగా కోలుకున్నారని తేల్చింది. అంటే ఆలస్యం పిల్లలకి చెరుపు చేస్తుంది. ఇంటికి వచ్చాక మొదటి నెలల్లో కావలసింది ఒకే ఒడి, ఒకే గొంతు, రోజూ ఒకే వేళకి అన్నం. పాతికమంది ముద్దులు, మైకులు, ముసుగేసుకున్న క్రిస్మస్ తాత కాదు.

కానీ పండగ కదా. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం సంఘపెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చారు. మర్నాడు ఆరాధనలో దంపతులిద్దరూ పాపని తీసుకుని వేదిక ఎక్కాలని, ఈ బిడ్డ ఎక్కడినుంచి, ఏ స్థితినుంచి వచ్చిందో సాక్ష్యం చెప్పాలని అడిగారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. దేవుడు చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడం క్రైస్తవ కుటుంబాల్లో గౌరవమైన ఆచారమే. నేనూ అలాంటి ఇంట్లో పెరిగినదాన్నే.

చెల్లెలు మాత్రం, "మేం కృతజ్ఞత చెప్పుకుంటామండీ. పాప వేదిక మీదికి రాదు. దాని సంగతి ఏదీ చెప్పను" అంది. వాళ్ళు వెళ్ళాక అత్తగారు పెద్ద గొడవే పెట్టారు. "దేవుడిచ్చినదాన్ని దాచుకుంటారా? ఏం తప్పు చేశామని?" భర్త తల వంచుకుని మౌనంగా కూర్చున్నాడు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని ఇళ్ళు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్న చరిత్ర చీరాల పేరాలది. ఆ కథ గర్వంగా చెప్పుకునే ఊళ్ళో ఒక కోడలు 'నా పిల్లని వేదిక ఎక్కించను' అంటే మాత్రం అది పొగరైపోయింది!

నా అభిప్రాయంలో చెల్లెలిదే న్యాయం. ఆ పాప ఎక్కడ దొరికింది, ఎవరు వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్న కథ ఆ పాపది. పెద్దయ్యాక ఎవరికి చెప్పుకోవాలో, అసలు చెప్పుకోవాలో వద్దో తనే తేల్చుకోవాలి. ఇవాళ వేదిక మీద ఐదు నిమిషాల్లో చెప్పేసిన మాట రేపు బడిలో, పెళ్ళి సంబంధాల్లో, ఆస్తి పంపకాల్లో ఆమె వెంట పడుతుంది. ఇలాంటి పిల్లల గుర్తింపు పత్రికల్లో బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. పత్రికకి తగని పని వేదికకి ఎలా తగుతుంది? పైగా అప్పటికి కలెక్టరు దత్తత ఉత్తర్వు కూడా రాలేదు. చట్టం దృష్టిలో పాప ఇంకా దత్తతకి ముందటి సంరక్షణలోనే ఉంది.

ఇంకా లోతైన విషయం ఒకటుంది. మనం దత్తతని దయగా మాట్లాడతాం. 'ఒక దిక్కులేని పిల్లకి జీవితం ఇచ్చారు' అంటాం. దయ చూపించేవాళ్ళు గొప్పవాళ్ళవుతారు. దయ పొందినవాళ్ళు జీవితమంతా రుణపడి ఉంటారు. కన్నకూతురు అన్నం వద్దని కంచం తోసేస్తే అల్లరి. పెంచుకున్న కూతురు తోసేస్తే విశ్వాసం లేకపోవడం. 'పిల్లని తెచ్చుకున్నావుగా, ఇక నీ కడుపున కూడా పండుతుందిలే' అని ఆ నాలుగు రోజుల్లో కనీసం ముగ్గురు చెల్లెలితో అనడం నేను విన్నాను. అంటే ఈ పిల్ల రాబోయే 'అసలు' పిల్లకి శకునం మాత్రమేనన్నమాట. గొడ్రాలన్న మాటతో పదమూడేళ్ళు ఒక స్త్రీని కాల్చిన సమాజం, ఆమె ఒక పాపని ఎత్తుకున్నా ఆ కొలబద్ద కింద పెట్టదు.

ఈ దయ భాష చట్టంలో కూడా చాలాకాలం ఉండిపోయింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులకి, బౌద్ధులకి, జైనులకి, సిక్కులకి మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవులు, ముస్లిములు, పార్సీలు 1890 నాటి చట్టం కింద కోర్టుకి వెళ్ళి సంరక్షకులు కావచ్చునే గానీ తల్లిదండ్రులు కాలేకపోయారు. ఆ హిందూ చట్టంలో కూడా భర్త ఉన్న స్త్రీకి తనంతట తాను దత్తత తీసుకునే హక్కు 2010 సవరణ దాకా లేదు. అందరికీ వర్తించే దత్తత బిల్లు 1972లో పార్లమెంటుకి వచ్చింది, 1978లో వెనక్కి తీసుకున్నారు. 1980లో మళ్ళీ వచ్చింది, అదీ చట్టం కాలేదు.

దీని ఫలితం మా ఇంట్లోనే చూశాను. మా మేనత్తకి పిల్లల్లేరు. నా చిన్నతనంలోనే ఒక పసిపిల్లని తెచ్చి పెంచుకుంది. చర్చిలో ప్రతిష్ఠ చేయించారు, బడిలో ఇంటిపేరుతోనే చేర్చారు. మామయ్య పోయిన నెల తిరక్కుండా ఆయన అన్నదమ్ములు వచ్చి 'పెంపుడుపిల్లకి ఇంట్లో వాటా ఏమిటి?' అన్నారు. చూపించడానికి ఒక్క కాగితం లేదు. మామయ్య మంచం పట్టిన రెండేళ్ళూ రాత్రింబవళ్ళు చాకిరీ చేసింది ఆ అమ్మాయే. అప్పుడు ఎవరికీ ఆమె పెంపుడుపిల్లగా గుర్తురాలేదు!

ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. జువెనైల్ జస్టిస్ చట్టం 2000లో, దానికి 2006లో వచ్చిన సవరణ, ఏ మతంవారైనా పూర్తి హక్కులతో దత్తత తీసుకునే దారి తెరిచాయి. షబ్నమ్ హష్మీ వేసిన కేసులో 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతి స్పష్టం చేసింది. 2015 చట్టం ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ వారసత్వంతో సహా అన్ని విషయాల్లోనూ వాళ్ళకి పుట్టిన బిడ్డే. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు. మా మేనత్త కూతురికి దొరకని కాగితం ఈ పాపకి దొరుకుతుంది. ఇది చిన్న విజయం కాదు. మతచట్టాల పరిధి దాటి పిల్లల హక్కు వైపు నుంచి ఆలోచించడం వల్ల వచ్చిన విజయం.

అయితే ఈ ఆనందంలో మనం మరిచిపోయే స్త్రీ ఒకామె ఉంది. ఆ పాపని కన్నతల్లి. క్రిస్మస్ ప్రసంగాల్లో యోసేపు గురించి ఎంతో చెబుతారు, తన రక్తం కాని బిడ్డని తనవాడిగా పెంచాడని. మరియమ్మ గురించి ఆలోచించండి. పెళ్ళికి ముందు గర్భవతి, నిలువనీడ దొరకని ప్రయాణం. ఆమె పక్కన ఒక్క మనిషి నిలబడ్డాడు కాబట్టి బిడ్డ ఆమె ఒళ్ళో ఉన్నాడు. అలా ఎవరూ నిలబడని మరియమ్మల పిల్లలే మన ఊయలల్లోకి వస్తున్నారు. వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ కావడం యాదృచ్ఛికమా?

1999, 2001 సంవత్సరాల్లో తెలంగాణ తండాల నుంచి లంబాడీ ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకి కొని దత్తతల పేరుతో విదేశాలకి పంపుతున్న వ్యవహారం బయటపడింది. గీతా రామస్వామి వంటి కార్యకర్తలు దానిమీద గట్టిగా పోరాడారు. 2021లో కేరళలో ఒక యువతి, తన అంగీకారం లేకుండా కన్నవాళ్ళే తన బిడ్డని దూరం చేశారని వీధికెక్కింది. ఆ బిడ్డ అప్పటికే ఆంధ్రలో ఒక దంపతుల దగ్గర దత్తతకి ముందటి సంరక్షణలో ఉన్నాడు. డి.ఎన్.ఎ. పరీక్ష జరిపి ఆ నవంబరులో బిడ్డని తల్లికి అప్పగించారు. ఆ దంపతుల దుఃఖం కూడా నిజమే. కానీ ఒక స్త్రీ కడుపుకోత మీద ఇంకో స్త్రీ మాతృత్వం నిలబడకూడదు. బిడ్డని అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇచ్చింది. ఆ 60 రోజుల్లో ఆమెకి ఉండటానికి చోటు, తినడానికి తిండి, మాట్లాడటానికి మనిషి లేకపోతే ఆ గడువుకి అర్థమేముంది?

పెంచే తల్లికీ దక్కనిది సమయమే. చెల్లెలు ఒక ప్రైవేటు బడిలో టీచరు. సెలవు అడిగితే యాజమాన్యం, 'నువ్వేం కనలేదుగా' అంది. అప్పటి చట్టమూ వాళ్ళ వైపే ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి దత్తత తీసుకున్న తల్లికి 12 వారాల సెలవు ఇచ్చారు గానీ, బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉండాలని షరతు పెట్టారు. దొరికిన పసిబిడ్డని దత్తతకి అర్హురాలని ప్రకటించడానికే రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత మిగిలిన తతంగం. ఇక మూడు నెలల లోపు ఇల్లు చేరే బిడ్డ ఎవరు? హంసానందిని నండూరి ఈ షరతుని 2021లో సుప్రీంకోర్టులో సవాలు చేశారు. కోర్టుల సంగతి అలా ఉంచినా, చిన్న ప్రైవేటు బళ్ళల్లో, ఇంట్లో మగ్గం దగ్గర కండెలు చుట్టే స్త్రీలకి సెలవన్న మాటే లేదు. తండ్రి సెలవు గురించి అడగడమే మనకింకా అలవాటు కాలేదు. చెల్లెలు జీతం లేని సెలవు పెట్టింది. మార్చి తర్వాత ఆ ఉద్యోగం మిగల్లేదు.

క్రిస్మస్ రోజు పొద్దున్నే వాళ్ళు పాపతో చర్చికి వెళ్ళారు. గుమ్మం పక్కన చివరి వరసలో కూర్చున్నారు. డప్పులు మొదలవగానే చెల్లెలు పాపని ఎత్తుకుని బయట వేపచెట్టు కిందికి వచ్చేసింది. పలావు, కోడికూరల విందు దగ్గర కొందరు ముఖం తిప్పుకున్నారు. పాస్టరమ్మగారు మాత్రం వచ్చి పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా పాప చేతికి ఒక కేకు ముక్క ఇచ్చారు.

ఫిబ్రవరిలో చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఇవాళ నేను స్నానానికి వెళ్తే తలుపు దగ్గర కూచుని వీధంతా వినబడేలా ఏడ్చింది!" ఆ గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. అత్తగారి ఫిర్యాదు మాత్రం వేరు. 'వచ్చినప్పుడు బంగారంలా ఉండేది. ఇప్పుడు మొండిఘటం అయింది. ఎవరి దగ్గరకీ పోదు.'

మనం చేయవలసిన పనులు ఉన్నాయి. ఏ వయసు బిడ్డని తెచ్చుకున్నా జీతంతో కూడిన సెలవు, తండ్రికి కూడా, ఉండాలని అడగాలి. అది అసంఘటిత రంగానికి ఎలా చేరుతుందో కూడా మనమే ఆలోచించాలి. బిడ్డని వదులుకునే స్థితిలో ఉన్న స్త్రీకి ఆ 60 రోజులూ ఆసరా ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదని పట్టుబట్టాలి. మన సంఘాల్లో, మన ఇళ్ళలో దత్తత గురించి మాట్లాడేటప్పుడు పుణ్యం, ఉద్ధరణ అన్న మాటలు మానేయాలి.

ఆ పాప ఇప్పుడు బడికి వెళుతోంది. తన కథలో తనకి ఎంత తెలియాలో తల్లి కొంచెం కొంచెంగా చెబుతోంది. మిగతావాళ్ళకి ఎంత చెప్పాలో ఆ పాపే ఒకనాడు నిర్ణయించుకుంటుంది. అప్పటిదాకా మనం ఆగగలగాలి.