మోకాలు మార్చుకోవాలా? తేల్చుకోవాల్సింది మీరే!

"ఏటి చేస్తాం, వయసొచ్చీసింది. మోకాళ్లు నొప్పెట్టకేటవుతాయి?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ వీధి అరుగు మీద విన్నా ఇదే మాట. తెల్లారగట్ల వంగి కళ్లాపి చల్లి ముగ్గెయ్యడం, కత్తిపీట ముందు మోకాలు మడిచి కూర్చోవడం, నూతి దగ్గర గొంతుక్కూర్చుని బట్టలుతకడం. అన్నీ మోకాళ్ల మీద భారమే. ఇక పొందూరులో నేల మీద కూర్చుని పత్తి ఏకి నూలు వడికే ఆడవాళ్ల సంగతి, పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల సంగతి చెప్పాలా?

నొప్పి ముదిరాక డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే చూసి, "గుజ్జు అరిగిపోయిందమ్మా, మోకాలు మార్చాలి" అంటారు. అక్కణ్ణించి మొదలు. కొడుకు చేయించేద్దామంటాడు. ఆడపడుచు వద్దంటుంది. పక్కింటావిడ, "మా చుట్టాలావిడ చేయించుకుని మంచానికే పరిమితమైపోయింది" అని హడలెత్తిస్తుంది. అందరూ మాట్లాడతారు, నొప్పి పడుతున్న మనిషి తప్ప! అందుకే ఈ వారం ఈ కబుర్లు మీకోసం.

అసలు ఏం చేస్తారు?

పాత మోకాలు మొత్తం కోసి పారేసి ఇంకో మోకాలు పెడతారని చాలామంది భయం. అదేం కాదు. రెండు ఎముకల చివర్లలో అరిగిపోయిన భాగాన్ని పల్చగా చెక్కేసి, పై ఎముకకి లోహపు తొడుగు, కింద ఎముకకి లోహపు పళ్లెం అమరుస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. సాధారణంగా నడుముకి మత్తిచ్చి చేస్తారు. గంటన్నర, రెండు గంటల పని. ఇలా అమర్చిన కీళ్లలో నూటికి 80కి పైగా పాతికేళ్ల వరకూ పనిచేస్తున్నాయని 2019లో పెద్ద పరిశీలనే వచ్చింది. అయితే పదిమందిలో ఒకరిద్దరికి ఆపరేషన్ తర్వాత కూడా పూర్తి తృప్తి ఉండదు. ఈ రెండో మాట కూడా తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

ముందు చేసి చూడాల్సినవి

నొప్పి మొదలవగానే ఆపరేషన్‌కి పరుగెత్తక్కర్లేదు. ఒక కిలో బరువు తగ్గితే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండ గట్టిపడితే మోకాలికి ఆసరా. కాలు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పూటకి పదిసార్లు. చేతికర్ర పట్టుకోవడం నామోషీ అనుకోకండి. నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేత్తో పట్టుకోవాలి.

మాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండ్లకీ, మూత్రపిండాల జబ్బుకీ దారితీస్తాయి. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు మోకాలికీ కిడ్నీకీ ముడేమిటంటారా? ఉద్దానం మన పక్కనే ఉంది కదా! కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఇళ్లు కిడ్నీ జబ్బుతో చితికిపోయాయో మీకు తెలియనిదా? అక్కడి జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ అసలే బలహీనమైన కిడ్నీకి ఈ మాత్రలు ఇంకా చేటు. ఆ వైపు వాళ్లయినా, బీపీ, షుగరు ఉన్నవాళ్లయినా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరు రాసిందే వేసుకోండి. "ఆపరేషన్ అంటే భయం, మాత్రలతో లాగించేస్తాను" అనడం భయం లేని దారేం కాదు.

ఎప్పుడు చేయించుకోవాలి?

ఎక్స్‌రే ఒక్కటీ చూసి కాదు, మీ రోజు ఎలా గడుస్తోందో చూసుకుని తేల్చుకోవాలి. రాత్రి నొప్పికి నిద్ర పట్టడం లేదా? వీధి చివరి దుకాణం దాకా నడవలేకపోతున్నారా? మెట్లెక్కాలని పేరంటాలు, పెళ్లిళ్లు మానుకుంటున్నారా? నెలల తరబడి వ్యాయామం, మందులు వాడినా ఇంతేనా? అయితే ఆలోచించే సమయం వచ్చినట్టే. ఎక్స్‌రేలో బాగా అరిగినా హాయిగా తిరుగుతున్నావిడకి తొందర లేదు. అలాగని కాళ్లు దొడ్డికాళ్లయి, తొడ కండ కరిగి, మోకాలు బిగుసుకుపోయేదాకా ఆగితే ఆపరేషన్ కష్టం, కోలుకోవడమూ కష్టమే. అనుమానముంటే రెండో డాక్టరుకి చూపించండి. అందులో తప్పు లేదు.

రెండు మోకాళ్లూ ఒకేసారా అంటే, అది మీ గుండె, షుగరు, వయసు చూసి డాక్టరు చెప్పాలి. ప్రధానిగా ఉండగా వాజ్‌పేయి గారికి ముంబై బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు మార్చారు. అప్పటికి ఆయనకి 75 దాటాయి. దేశాన్ని నడిపే మనిషే ఎనిమిది నెలలు ఆగి రెండోది చేయించుకుంటే, మనం కంగారు పడటం ఎందుకు?

ఖర్చు మాట

కృత్రిమ కీలు ధరకి కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో కళ్లెం వేసింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలుగా అప్పుడు నిర్ణయించింది. ఆస్పత్రి గది, డాక్టరు ఫీజు, మందులు వేరు. మొత్తం ఎంతవుతుందో, అందులో కీలు ధర ఎంతో, ఏ కంపెనీదో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. బిల్లులో కీలు వివరాలు విడిగా చూపించాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి. ఆపరేషన్‌కి విశాఖ వెళ్లేవాళ్లు మళ్లీ చూపించుకోవడానికి రానుపోను కారు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇల్లు సిద్ధం చెయ్యండి

ఆస్పత్రికి వెళ్లే ముందే చెయ్యాల్సిన పనులు ఇవి. నేలబారు మరుగుదొడ్డి అయితే కుర్చీలాంటి కమోడ్ ఏర్పాటు చేసుకోండి. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఊచ, జారకుండా రబ్బరు పట్టా ఉండాలి. కాలికి తగిలే గోనెపట్టాలు, వైర్లు తీసెయ్యండి. పప్పుల డబ్బాలు, గిన్నెలు నడుము ఎత్తులో సర్దుకోండి. షుగరు అదుపులోకి తెచ్చుకోవాలి. పుచ్చుపళ్లు, ఒంటిమీద పుండ్లు, మూత్రంలో మంట ఉంటే ముందు అవి నయం కావాలి. లేకపోతే చీము పట్టే ప్రమాదం ఉంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

తర్వాత రోజులు

ఆపరేషన్ రోజునో మర్నాడో వాకర్ పట్టించి నిలబెడతారు. నొప్పి ఉంటుంది. ఆ నొప్పికి భయపడి మంచం పట్టారో, మోకాలు బిగుసుకుపోతుంది. సగం పని డాక్టరుది, సగం మీది! పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మడమ జార్చుతూ మోకాలు వంచడం, కాలు తిన్నగా పైకెత్తడం రోజుకి మూడు నాలుగు సార్లు చెయ్యాలి. సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోకండి, కాలు తిన్నగా చాపలేకుండా అయిపోతుంది. కుట్లు దాదాపు రెండు వారాలకి తీస్తారు. మూడు నుంచి ఆరు వారాల్లో వాకర్ పోయి కర్ర వస్తుంది. మెట్ల దగ్గర ఒక్కటి గుర్తుంచుకోండి: ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు.

వాపు, వేడి మూడు నాలుగు నెలలుండొచ్చు. కుట్టు పక్కన కొంత మేర మొద్దుబారినట్టుండటం మామూలే. పూర్తిగా కుదుటపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది. పప్పు, గుడ్డు, చేప, పెరుగు తినండి. పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచితే గాయం మానేదెలా?

పిక్క నొప్పెట్టి వాచినా, కుట్టులోంచి చీము, నీరు కారినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించండి. హఠాత్తుగా ఆయాసం, గుండెలో నొప్పి వస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

మరి వంటెవరు చేస్తారు?

చాలామంది ఆపరేషన్ వాయిదా వేసేది భయంతో కాదు, ఈ ప్రశ్నతోనే. కోతల ముందో, సంక్రాంతి పిండివంటల ముందో, ఇంట్లో శుభకార్యం ముందో పెట్టుకోకండి. కనీసం ఆరు వారాలు పొయ్యి దగ్గరికి వెళ్లనక్కర్లేని రోజులు చూసుకోండి. ఏ పూట వంట ఎవరిదో, వ్యాయామం దగ్గరుండి చేయించేది ఎవరో భర్తనీ పిల్లల్నీ కూర్చోబెట్టి ముందే మాట్లాడి ఒప్పించండి. ఆ ఏర్పాటు కుదరకపోతే తేదీ మార్చుకోండి, అంతేగాని కుట్లు మానకుండానే గిన్నెలు తోమడానికి లేవకండి.

తర్వాత కూడా గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వెయ్యడం మానుకోవాలి. కత్తిపీట స్థానంలో బల్ల, చాకు. గుళ్లో నేలకి బదులు కుర్చీ. అమ్మవారు ఏమీ అనుకోదు. మీ కాళ్ల మీద మీరు నడుచుకుంటూ పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి వెళ్లి, నిలబడి దణ్ణం పెట్టుకుంటే చాలదూ?