పాత బండికి కొత్త రంగు



ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల ముంగిళ్లలో పాత చేతక్ స్కూటరు ఇంటి మనిషి వంటిది. 1972లో విపణిలోకి వచ్చిన ఆ బండికి విడిగా చట్రం లేదు. ఉక్కు రేకు శరీరమే దాని వెన్నెముక. కనుక తుప్పు దాని అందానికే కాదు, నడిపేవారి ప్రాణానికీ ముప్పు.

మొదట కాళ్లు పెట్టే పలకను అడుగునుంచి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడవలెను. మొన లోనికి దిగితే వెల్డింగు తప్పదు. దానిపై లప్పం పూయడం రోగాన్ని దుప్పటితో కప్పడమే.

రేకు గట్టిదైతే 80 నంబరు ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, ఆనాడే రెడాక్సైడ్ ప్రైమరు పూయాలి. గుంటలకు పలుచగా లప్పం పెట్టి, ఆరాక 320, పిదప 600 నంబరు కాగితంతో నునుపు చేయాలి. ఖర్చులో అధికభాగం ఈ శ్రమకు చెల్లించే కూలియే. అది మనమే చేసుకొని, స్ప్రే మాత్రం పెయింటరుకు అప్పగించినా ఆదాయే.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాటికి బండి మెరవాలన్న ముచ్చట సహజమే. కాని వానకాలపు గాలిలో థిన్నరు చప్పున ఆవిరై రేకును చల్లబరుస్తుంది. తేమ చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. పూజకు శుభ్రపరచి, కార్తీకంలో పొడి ఎండ చూసి రంగు వేయడమే మేలు.

రంగు మార్చదలచినవారు రిజిస్ట్రేషను పత్రంలో ఆ మార్పు నమోదు చేయించుకోవాలి. సైనిక వాహనాల ఆలివ్ ఆకుపచ్చను మాత్రం 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి ఇతరులకు నిషేధించింది.

థిన్నరు దగ్గర నిప్పు, ముక్కుకు గుడ్డ లేకుండా స్ప్రే, రెండూ వర్జ్యాలు.